చుక్కల కావలి

పాఠ్యభాగ పరిచయం

ఆకాశంలోని నక్షత్రాలన్నీ ఎప్పుడూ ఒకే తీరుగా వెలుగుతాయని మనం భావిస్తాం. కాని వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలు లెక్కకు మిక్కిలిగా ఉన్నాయి. వీటిని చరతారలు అంటారు. వీటిని గమనించి, కొలిచి, వివరాలను భద్రపరచే పనిలో వృత్తి శాస్త్రజ్ఞులతోపాటు విద్యార్థులు, గుమాస్తాలు, న్యాయవాదులు, ఉపాధ్యాయులు కూడా శతాబ్దాలుగా పాలుపంచుకొంటున్నారు. వారి కృషిని, ఆ కృషిలో తెలుగునేలకు ఉన్న భాగాన్ని, పదిమంది కలసి పరిశీలించడంలోని క్రమశిక్షణను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వివాహవేడుకలో నూతన దంపతులకు ధ్రువనక్షత్రాన్ని, అరుంధతీ నక్షత్రాన్ని చూపించడం మన ఆచారం. ధ్రువుని వలె చలించక నిలవాలన్నది అందులోని ఆకాంక్ష. సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్‌లో నిలబడి ఉత్తరదిక్కుకు చూస్తే, దిఙ్మండలానికి సుమారు పద్దెనిమిది డిగ్రీల ఎత్తున ధ్రువతార కనిపిస్తుంది. రాత్రంతా తక్కిన చుక్కలు తన చుట్టూ తిరుగుతున్నా అది కదలనట్లే ఉంటుంది. స్థిరత్వానికి ఇంతకంటే మంచి గుర్తు మరొకటి లేదని పూర్వులు తలచడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ధ్రువతార స్థానం నిలకడగా ఉన్నా, దాని వెలుగు మాత్రం నిలకడగా లేదు. దాదాపు నాలుగు రోజులకొకసారి ఆ వెలుగు అత్యల్పంగా పెరిగి తరుగుతుంది. కంటికి అందనంత సూక్ష్మమైన ఈ మార్పును 1911లో డెన్మార్కు శాస్త్రవేత్త హెర్ట్‌జ్‌స్ప్రుంగ్ ఛాయాచిత్రాల సాయంతో నిరూపించారు. స్థిరత్వానికి మారుపేరైన నక్షత్రమే చరతార అయినప్పుడు, ఆకాశంలో మార్పులేనిది ఏదని ఎవరికైనా సందేహం కలుగుతుంది. ఆ సందేహం నుండే ఒక శాస్త్రం పుట్టింది.

చరతారలు మారే తీరు

అన్ని చరతారలూ ఒకే కారణంచేత మారవు. కొన్ని నక్షత్రాలు ఊపిరి తీసినట్లు ఉబ్బుతూ, కుంచించుకుపోతూ ఉంటాయి. సీటస్ రాశిలోని మీరా అనే ఎర్రని తార ఇటువంటిది. సుమారు 332 రోజులకొకసారి అది కంటికి చక్కగా కనిపించేంత ప్రకాశాన్ని పొందుతుంది. ఆ తరువాత క్రమంగా తరిగి, దుర్భిణి లేనిదే కనబడనంతగా మసకబారుతుంది. జర్మనీకి చెందిన డేవిడ్ ఫాబ్రీషియస్ 1596లో దీనిని గమనించారు.

మరికొన్ని నిజానికి జంటతారలు. ఒకటి మరొకదానికి అడ్డువచ్చినప్పుడు మనకు చేరే వెలుగు తగ్గుతుంది. ఇది గ్రహణం వంటిదే. పెర్సియస్ రాశిలోని అల్గాల్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకొకసారి దీనికి గ్రహణం పడుతుంది. తగ్గి మళ్లీ పెరగడానికి పది గంటలు పడుతుంది కనుక, ఓపిక ఉన్నవారు ఒకే రాత్రిలో రెండు మూడు గంటలు చూస్తే తేడాను గుర్తించగలరు.

ఇంకొన్ని హఠాత్తుగా భగ్గుమంటాయి. కరోనా బొరియాలిస్ రాశిలో టి అనే తార 1866లోను, మళ్లీ 1946లోను మామూలు కంటికి కనబడేటంతగా ప్రజ్వరిల్లింది. ఎనభై ఏళ్ల వ్యవధి పూర్తి కావస్తున్నదని లెక్కకట్టి, 2024 నుండి అనేక దేశాల పరిశీలకులు దానికి రాత్రివేళ కాపలా కాస్తూ వచ్చారు. ఒకసారి తప్పిపోతే మరొక తరం దాకా ఆగవలసిన సంఘటన అది.

యార్క్ నగర మిత్రులు

చరతారల శాస్త్రానికి పునాది వేసినవారిలో ఇంటర్మీడియట్ విద్యార్థి వయస్సువాడు ఒకడున్నాడని తెలిస్తే మనకు ఉత్సాహం కలుగుతుంది. అతడు ఇంగ్లాండులోని యార్క్ నగరానికి చెందిన జాన్ గుడ్‌రిక్. బాల్యంలోనే వినికిడి శక్తిని కోల్పోయాడు. పొరుగున ఉన్న ఎడ్వర్డ్ పిగట్ అతనికి మిత్రుడు. పిగట్ తండ్రి కట్టించిన చిన్న వేధశాల వారికి అందుబాటులో ఉండేది. ఇద్దరూ ఒకే ఆకాశాన్ని చూసేవారు. ఎవరి పుస్తకంలో వారు రాసుకొని, ఆ మీదట ఫలితాలను పోల్చుకొనేవారు.

1782 నవంబరులో, పద్దెనిమిదేళ్ల వయస్సులో, గుడ్‌రిక్ అల్గాల్ వెలుగు తగ్గడాన్ని గమనించాడు. రాత్రి తరువాత రాత్రి వేచి చూసి, ఆ మార్పు క్రమం తప్పకుండా వస్తున్నదని నిర్ధారించాడు. ఏదో ఒక చీకటి గోళం దానికి అడ్డువస్తూ ఉండవచ్చునని ఊహించాడు. ఆ ఊహ సరియైనదని వర్ణపటం సాయంతో రుజువు కావడానికి 1889 వరకు ఆగవలసివచ్చింది. 1783లో రాయల్ సొసైటీ అతనిని కోప్లీ పతకంతో గౌరవించింది. మరుసటి సంవత్సరం గుడ్‌రిక్ సెఫియస్ రాశిలోని డెల్టా తారను, పిగట్ అక్విలా రాశిలోని ఈటా తారను చరతారలుగా గుర్తించారు. 1786లో, ఇరవై రెండేళ్లయినా నిండకముందే గుడ్‌రిక్ మరణించాడు.

అతడు గుర్తించిన డెల్టా సెఫియస్ పేరుమీదనే ఒక తరగతి తారలకు సెఫీడ్లు అనే పేరు వచ్చింది. 1912లో హెన్రియెటా లెవిట్ అనే శాస్త్రవేత్త, సెఫీడ్ల అసలు ప్రకాశానికి, వెలుగు మారే వ్యవధికి నియతమైన సంబంధం ఉన్నదని వెల్లడించారు. వ్యవధి తెలిస్తే అసలు ప్రకాశం తెలుస్తుంది. అసలు ప్రకాశం తెలిస్తే దూరం తెలుస్తుంది. ఈ కొలబద్దతోనే 1923లో ఎడ్విన్ హబుల్ ఆండ్రొమెడా మన పాలపుంతకు వెలుపల ఉన్న మరొక గెలాక్సీ అని తేల్చగలిగారు. ఇద్దరు కుర్రవాళ్లు పెరటిలో మొదలుపెట్టిన పని విశ్వాన్ని కొలిచే గొలుసులో తొలి కడియంగా మారింది.

మన నేలపై చుక్కల పరిశీలన

ఈ కృషి పాశ్చాత్య దేశాలకే పరిమితం కాలేదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాలను నెలకొల్పారు. ఖగోళశాస్త్రాన్ని ఆయన మద్రాసులో అభ్యసించారు. 1856లో ఆయన మరణించిన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ వేధశాలను నడిపి, 1874లో శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా సాగిన దృశ్యాన్ని పరిశీలించారు. జీతంకోసం కాక జిజ్ఞాసకోసం ఆకాశాన్ని చూసిన తెలుగువారిలో వీరు ముందువరుసలోనివారు.

మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు పంచాంగకర్తల కుటుంబంలో జన్మించారు. ఆయన 1867లో రెటిక్యులం రాశిలోని ఆర్ అనే తార వెలుగు మారుతున్నదని కనుగొన్నారు. ఆధునిక కాలంలో భారతీయుడు కనుగొన్నట్లు నమోదైన తొలి చరతార అదే. అది మీరా తరగతికి చెందినది; వ్యవధి సుమారు 278 రోజులు. దక్షిణదిక్కున ఎంతో దిగువగా ఉండే ఆ తార మద్రాసులో పద్నాలుగు డిగ్రీల ఎత్తుకు మించి పైకి రాదు. నారాయణఖేడ్‌లోనైతే తొమ్మిది డిగ్రీలకు మించి రాదు. అంత దిగువన, ఆవిరి, ధూళి పొరల మధ్య కనిపించే తారలో మార్పును పట్టుకోవాలంటే ఎంతటి ఓర్పు కావాలో ఊహించవచ్చు. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి తెలంగాణలోని వనపర్తికి వచ్చిన బృందానికి ఆయనే నాయకుడు. 1872లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లాండు నుండి పదిహేను అంగుళాల దుర్భిణిని తెప్పించి, ఫిసల్‌బండలోని తమ ఆవరణలో వేధశాలకు అంకురార్పణ చేశారు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. తరువాత బేగంపేటకు తరలిన ఈ నిజామియా వేధశాల, ఆకాశపటాన్ని తయారుచేసే అంతర్జాతీయ కార్యక్రమంలో పాల్గొని ఏడున్నర లక్షలకు పైగా తారల స్థానాలను నమోదు చేసింది. టి.పి. భాస్కరన్ సంచాలకులుగా ఉన్న కాలంలో అక్కడ చరతారల పరిశీలన కూడా సాగింది.

ఆ వేధశాల ఉద్యోగులలో ఒకరి కుమారుడే మనాలి కల్లట్ వైను బప్పు. 1927లో జన్మించిన ఆయన హైదరాబాదులో పెరిగి నిజాం కళాశాలలో చదువుకొన్నారు. విద్యార్థిగా ఉన్నప్పుడే చరతారలను పరిశీలించి ఫలితాలను ప్రచురించారు. ఉన్నత విద్యకోసం అమెరికాలోని హార్వర్డుకు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నారు. స్వదేశానికి తిరిగివచ్చి కొడైకెనాల్ వేధశాలకు సంచాలకులై, తమిళనాడులోని కావలూరులో కొత్త వేధశాలను నిర్మించారు. 1979లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సంఘానికి అధ్యక్షులయ్యారు. కావలూరు వేధశాల నేడు ఆయన పేరుతోనే ఉన్నది. అంతటి శాస్త్రవేత్తకు తొలి పాఠశాల ఏదంటే, హైదరాబాదు ఆకాశంలో మారుతున్న చుక్కలే అని చెప్పాలి.

నగరదీపాల కాంతి పెరగడంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968 ప్రాంతంలో హైదరాబాదుకు దూరంగా జపాల్, రంగాపూర్ గ్రామాల వద్ద 48 అంగుళాల దుర్భిణితో మరొక వేధశాలను నెలకొల్పింది. అక్కడ జంటతారల గ్రహణాలను విశేషంగా అధ్యయనం చేశారు.

జెస్సోరు ఖజానా ఉద్యోగి

వేధశాల లేదు, పట్టా లేదు, పెద్ద జీతమూ లేదు. అయినా ప్రపంచం గుర్తించిన పరిశీలకుడు ఒకరు మన ఉపఖండంలోనే ఉన్నారు. ఆయన రాధాగోవింద చంద్ర. నేటి బంగ్లాదేశ్‌లోని జెస్సోరు సమీపంలో 1878లో జన్మించారు. ప్రవేశపరీక్షలో మూడుసార్లు తప్పి, ప్రభుత్వ ఖజానాలో చిన్న ఉద్యోగంలో చేరారు. పగలు నాణేల లెక్క, రాత్రి చుక్కల లెక్క. మూడు అంగుళాల చిన్న దుర్భిణిని కొనుక్కొని పరిశీలన సాగించారు. 1918 జూన్‌లో అక్విలా రాశిలో ఒక కొత్త తార వెలిగినప్పుడు, ఎవరూ చెప్పకుండానే దానిని గుర్తించారు.

అమెరికాలో విలియం టైలర్ ఆల్కాట్ అనే న్యాయవాది 1911లో చరతారల పరిశీలకుల సంఘాన్ని స్థాపించారు. చంద్ర అందులో సభ్యులై తమ అంచనాలను క్రమంగా పంపసాగారు. ఆయన కృషిని మెచ్చి 1926లో ఆ సంఘం ఆరు అంగుళాల దుర్భిణిని సముద్రాలు దాటించి ఆయనకు పంపింది. 1954 వరకు సాగిన పరిశీలనలలో ఆయన ముప్పై ఏడు వేలకు మించిన అంచనాలను నమోదు చేశారు. పరిశీలన మానుకొన్న తరువాత ఆ దుర్భిణి వైను బప్పు చేతికి చేరి, కావలూరు వేధశాలకు వెళ్లింది. ఒక చేతినుండి మరొక చేతికి పరికరం మాత్రమే కాదు, చూసే అలవాటు కూడా సంక్రమించింది.

చంద్ర అంచనాలకు మరొక విలువ ఉన్నది. అమెరికాలో సూర్యుడు ఉదయించే వేళకు మనకు చీకటి పడుతుంది. అక్కడివారు చూడలేని గంటలలో జరిగిన మార్పును ఇక్కడివారే చూడాలి. పరుగుపందెంలో కర్రను ఒకరినుండి ఒకరు అందుకొన్నట్లు, భూమి తిరుగుతున్నకొద్దీ ఒక దేశం చేతినుండి మరొక దేశం చేతికి నక్షత్రం మారుతుంది. ఎక్కడ చేయి లేకపోతే అక్కడ చరిత్రలో ఖాళీ మిగులుతుంది.

వెలుగును కొలిచే విధానం

నక్షత్రం వెలుగును అంకెలో చెప్పడానికి ప్రకాశాంకం అనే కొలతను వాడతారు. ఇందులో అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ, పెద్దదైతే తక్కువ. ఐదు అంకెల తేడా ఉంటే వెలుగులో నూరురెట్ల తేడా ఉన్నట్లు. చీకటి రాత్రిలో మామూలు కంటికి ఆరవ అంకె వరకు ఉన్న తారలు కనబడతాయి.

చరతారను కొలవడానికి పరికరం తప్పనిసరి కాదు. దాని పరిసరాలలో వెలుగు మారని, ప్రకాశాంకం తెలిసిన రెండు తారలను ఎంచుకోవాలి. ఒకటి చరతారకంటె కాస్త ప్రకాశవంతంగా, రెండోది కాస్త మసకగా ఉండాలి. చరతార ఈ రెండింటి నడుమ ఏ మేరలో ఉన్నదో కంటితో తూచి అంకె రాయాలి. జర్మనీ శాస్త్రవేత్త ఆర్గెలాండర్ 1844లో ఇటువంటి పద్ధతిని వివరించి, ఔత్సాహికులందరూ ఈ పనికి ముందుకు రావాలని పిలుపునిచ్చారు.

నారాయణఖేడ్‌లోని ఒక డాబా మీద ఆరేడుగురు విద్యార్థులు కూడి ఈ పని చేయదలచినట్లయితే, వారికి అన్నిటికంటె అనువైన తార ఆర్ద్ర. మన రైతులకు ఆరుద్ర కార్తె సుపరిచితం. జూన్ చివరివారంలో సూర్యుడు ఆ నక్షత్రం ఉన్న భాగంలోకి వస్తాడు కనుక ఆ కార్తెకు ఆ పేరు వచ్చింది. అందుచేతనే ఆ రోజులలో ఆర్ద్ర పగటి ఆకాశంలో ఉండి మనకు కనబడదు. ఆరు నెలల తరువాత, పుష్యమాఘమాసాలలో సూర్యాస్తమయం కాగానే అది తూర్పున వెలుగుతుంది. పల్లెలలో గొల్లకావడి అని పిలిచే మూడు చుక్కలకు దాపుననే ఎర్రగా మెరిసే తార అది. పాశ్చాత్యులు దానిని బెటెల్‌గూస్ అంటారు.

దీనికి పోలికగా వాడదగిన తారలు కూడా మనకు తెలిసినవే. ప్రోసియాన్ ప్రకాశాంకం 0.4, రోహిణిది 0.9, పునర్వసు జంటలోని ప్రకాశవంతమైన తారది 1.1. ఆర్ద్ర వెలుగు ప్రోసియాన్ కంటె తక్కువగా, రోహిణి కంటె ఎక్కువగా ఉన్నదనుకొందాం. ఈ రెండింటి నడుమ తేడా 0.5. ఆ తేడాను ఐదు భాగాలు చేస్తే, ఆర్ద్ర ప్రోసియాన్ నుండి రెండు భాగాల దూరంలో ఉన్నదని తోచినట్లయితే దాని ప్రకాశాంకం 0.6 అవుతుంది.

ఈ చిన్న లెక్కకు కొన్ని నియమాలున్నాయి. చీకటికి కన్ను అలవాటుపడేందుకు కనీసం ఇరవై నిమిషాలు ఆగాలి. రాసుకొనేందుకు ఎర్రకాగితం చుట్టిన టార్చిలైటు వాడాలి. పోల్చే తారలు దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. దిఙ్మండలానికి దగ్గరగా ఉన్న తార వెలుగును గాలిపొర కొంత మింగివేస్తుంది. ఎర్రని తారను తదేకంగా చూస్తే అది ఉన్నదానికంటె ప్రకాశవంతంగా తోస్తుంది కనుక, చూపును త్వరత్వరగా మార్చుకోవాలి. తేదీని, సమయాన్ని తప్పక రాయాలి. దేశదేశాల లెక్కలు కలవాలంటే మన సమయం నుండి 5 గంటల 30 నిమిషాలు తీసివేసి విశ్వసమయంలో నమోదు చేయాలి. రాత్రి 8.30 గంటలకు చూస్తే 15.00 గంటలు అని రాయాలి.

కలసి చూడాలి, విడిగా రాయాలి

ఇన్ని జాగ్రత్తలు తీసుకొన్నా ఏ ఒక్కరి అంచనా పూర్తిగా నమ్మదగినది కాదు. ఒకరికి ఎరుపు ఎక్కువగా తోచవచ్చు. ఒకరి కన్ను అలసి ఉండవచ్చు. కంటి అంచనాలో పదింట రెండు మూడు వంతుల తేడా రావడం సహజం. అయితే పలువురి అంచనాలను కలిపి సగటు తీస్తే ఎక్కువలు, తక్కువలు ఒకదానినొకటి సరిచేసుకొంటాయి. గణితం ప్రకారం నలుగురి సగటులో యాదృచ్ఛిక దోషం సగమవుతుంది. ఇరవై ఐదుగురి సగటులో ఐదవ వంతవుతుంది. ఒంటరిగా బలహీనమైన సాక్ష్యం సమష్టిగా బలవత్తరమైన సాక్ష్యంగా మారుతుంది.

దీనికి ఒక షరతు ఉన్నది. ప్రతి అంచనా స్వతంత్రంగా ఉండాలి. డాబా మీద మొదట చూసినవాడు "0.6" అని బిగ్గరగా చెప్పినట్లయితే, తక్కినవారికి కూడా అది 0.6 గానే తోస్తుంది. అప్పుడు పుస్తకంలో ఏడు అంచనాలున్నా, నిజానికి ఉన్నది ఒక్కటే. ఆ ఒక్కడు పొరపడితే ఏడుగురూ పొరపడినట్లే. అదేవిధంగా నిన్నటి అంకెను చూసి నేటి అంకెను రాయరాదు. పుస్తకంలో ఎంత ఉండాలని రాసి ఉన్నదో దానిని బట్టి కూడా రాయరాదు. మేఘాలు కమ్మి తార కనబడకపోతే కనబడలేదనే రాయాలి. కనబడనిదానిని కనబడలేదని రాయడం కూడా పరిశీలనే.

కలసి చూడాలి, విడిగా రాయాలి. చరతారల పరిశీలకులు పాటించే ఈ నియమం శాస్త్రానికే పరిమితమైనది కాదు. నలుగురిలో ఉంటూ తన కన్ను చూసినదానిని తాను చెప్పగలగడం, తనకు భిన్నంగా చెప్పినవాని మాటను కొట్టివేయక పక్కనే నమోదు చేయడం, ఆ మీదట అన్నిటినీ కలిపి నిజాన్ని వెదకడం ఏ సమాజానికైనా అవసరమైన గుణాలు.

ఆర్ద్ర మసకబారిన శీతకాలం

2019 చివరి నెలలలో ఆర్ద్ర వెలుగు తగ్గసాగింది. మామూలుగా 0.5 ప్రాంతంలో ఉండే దాని ప్రకాశాంకం 2020 ఫిబ్రవరి నాటికి సుమారు 1.6కు చేరింది. అంటే వెలుగు మూడవ వంతుకు కాస్త అటూఇటూగా పడిపోయింది. రోజూ చూసేవారికి గొల్లకావడి దాపున ఉన్న ఆ ఎర్రచుక్క తేడా కంటికే తెలిసింది. ఆ తార పేలిపోనున్నదని పలువురు తలచారు. అయితే నెలల తరబడి దేశదేశాల ఔత్సాహికులు పంపిన అంచనాలు, వేధశాలల కొలతలు కలసి దాని వెలుగు తగ్గిన తీరును, మళ్లీ పెరిగిన తీరును గీతగా చూపించాయి. తార తననుండి వెలువరించిన పదార్థం చల్లబడి ధూళిమేఘంగా మారి, ఆ వెలుగుకు అడ్డుపడిందని 2021లో శాస్త్రజ్ఞులు వివరించారు.

ఈ సంగతి వింతగా తోచినా, ఇందులో ఒక అంశం గమనించదగినది. ఇటువంటి తగ్గుదల మునుపు ఎన్నడైనా జరిగిందా అని ప్రశ్నించుకొన్నప్పుడు శాస్త్రజ్ఞులు ఆధారపడినది గత నూరేళ్లుగా సాధారణ పరిశీలకులు రాసిపెట్టిన అంకెలమీద. ఆ రాత్రులలో వారు పైకి చూడకపోయి ఉంటే, నేడు ఎంత పెద్ద దుర్భిణి ఉన్నా ఆ ప్రశ్నకు సమాధానం దొరికేది కాదు. గడచిన రాత్రిని ఏ పరికరమూ తిరిగి తీసుకురాలేదు.

పెద్ద దుర్భిణులుండగా మనం ఎందుకు?

నేడు ఆకాశాన్ని రాత్రంతా తమంతట తామే చిత్రించే యంత్రాలున్నాయి. అటువంటప్పుడు కంటితో చూసేవారి అవసరం ఏమిటని అడగవచ్చు. పెద్ద దుర్భిణులు మసక తారలకోసం నిర్మితమైనవి. ఆర్ద్ర వంటి ప్రకాశవంతమైన తార వాటి కెమెరాలకు కళ్లు బైర్లు కమ్మేంత వెలుగు. అందుచేత అటువంటి తారల బాధ్యత చిన్న పరికరాలవారిదే, మామూలు కన్నులవారిదే. హబుల్ అంతరిక్ష దుర్భిణిని కొన్ని చరతారలవైపు తిప్పే ముందు, అవి ఆ వేళకు ప్రజ్వరిల్లి ఉంటే పరికరానికి హాని కలుగుతుందని భయపడి, శాస్త్రజ్ఞులు ఔత్సాహికులను కాపలా పెట్టుకొన్న సందర్భాలున్నాయి. ఆల్కాట్ స్థాపించిన సంఘం భాండాగారంలో నేడు ఐదు కోట్లకు పైగా పరిశీలనలు ఉన్నాయి. వాటిలో అధికభాగం జీతంలేని శ్రమ.

అయితే ఈ అవకాశం చీకటిమీద ఆధారపడి ఉన్నది. దీపాలు పెరిగినకొద్దీ చుక్కలు తరుగుతాయి. బేగంపేట ఆకాశం వెలిసిపోయిన తరువాతనే జపాల్, రంగాపూర్‌ల వైపు వెళ్లవలసివచ్చింది. హైదరాబాదుకు నూరు కిలోమీటర్లకు మించిన దూరంలో ఉన్న నారాయణఖేడ్ వంటి చోట్ల ఇంకా మిగిలి ఉన్న చీకటి ఒక సంపద. వీధిదీపపు వెలుగును నేలకే పరిమితం చేసే కప్పు బిగించడం, అవసరం లేని దీపాన్ని ఆర్పడం ఆ సంపదను కాపాడే చిన్న పనులు.

జొన్నచేను పండేవేళ రైతు మంచె ఎక్కి రాత్రింబవళ్లు కావలి కాస్తాడు. ఒక్క పూట కళ్లు మూసుకొన్నా గింజ మిగలదని అతనికి తెలుసు. చుక్కల కావలి కూడా అటువంటిదే. అల్గాల్‌ను చూసిన గుడ్‌రిక్‌కు, దిగువ ఆకాశంలో తారను వెదకిన రఘునాథాచార్యులకు, నాణేల లెక్క ముగించి దుర్భిణి దగ్గర కూర్చున్న చంద్రకు ఉన్నది ఇదే దీక్ష. దానికి కావలసిన పరికరం ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, నిజాయితీగల రెండు కన్నులు. ఈ శీతకాలంలో వారానికొకసారి ఆర్ద్రను చూసి ఒక అంకె రాయగల విద్యార్థి, ఎన్నడూ చూడని పరదేశ మిత్రులతో కలసి ఒక నక్షత్రం జీవితచరిత్రలో ఒక పంక్తి రాసినవాడవుతాడు.

కఠిన పదాలు – అర్థాలు

దిఙ్మండలం = ఆకాశం నేలను తాకినట్లు కనిపించే రేఖ
వేధశాల = గ్రహతారలను పరిశీలించే స్థలం
దుర్భిణి = దూరపు వస్తువులను దగ్గరగా చూపే పరికరం
ప్రజ్వరిల్లు = మిక్కిలిగా మండు, వెలుగు
ఔత్సాహికులు = వృత్తిగా కాక ఆసక్తితో పనిచేసేవారు
నియతం = నియమబద్ధమైనది
యాదృచ్ఛికం = అనుకోకుండా కలిగేది
భాండాగారం = భద్రపరచే చోటు
దీక్ష = పట్టుదలతో కూడిన పూనిక

అభ్యాసం

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. చరతారల పరిశీలనలో తెలుగునేలకు గల భాగాన్ని వివరించండి.
2. 'కలసి చూడాలి, విడిగా రాయాలి' అనే నియమం ఎందుకు అవసరమో పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. జాన్ గుడ్‌రిక్ కృషిని తెలపండి.
2. రాధాగోవింద చంద్ర పరిశీలనలకు గల ప్రత్యేక విలువ ఏమిటి?
3. 2019–20 శీతకాలంలో ఆర్ద్ర వెలుగు తగ్గడానికి కారణమేమి?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ధ్రువతార చరతార అని నిరూపించినవారు ఎవరు?
2. 1868 సూర్యగ్రహణానికి రఘునాథాచార్యుల బృందం ఏ ఊరికి వచ్చింది?
3. ఆరుద్ర కార్తెలో ఆర్ద్ర నక్షత్రం ఎందుకు కనబడదు?
4. ఇరవై ఐదుగురి సగటులో యాదృచ్ఛిక దోషం ఎంతకు తగ్గుతుంది?

ఈ. సందర్భసహిత వ్యాఖ్యలు
1. పగలు నాణేల లెక్క, రాత్రి చుక్కల లెక్క.
2. గడచిన రాత్రిని ఏ పరికరమూ తిరిగి తీసుకురాలేదు.

ఉ. వ్యాకరణం
సంధులు: సూర్యాస్తమయం = సూర్య + అస్తమయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి
సమాసాలు: చరతార = చరమైన తార – విశేషణ పూర్వపద కర్మధారయం
నగరదీపాలు = నగరం యొక్క దీపాలు – షష్ఠీ తత్పురుష

ఊ. కృత్యం
నలుగురైదుగురు విద్యార్థులు ఒక బృందంగా ఏర్పడి, నెల రోజులు వారానికొకసారి ఆర్ద్రను రోహిణితోను, ప్రోసియాన్‌తోను పోల్చండి. ఎవరి అంచనాను వారు విడిగా రాసి, నెల చివరన సగటు తీసి, గ్రాఫు గీయండి.